షూటో పిల్లల తండ్రి ఎవరు? సెయింట్ లూయిస్ వ్యాపారి కుటుంబం మీద ఒక కేస్ స్టడీ

అమెరికాలో మిసూరీ రాష్ట్రంలోని సెయింట్ లూయిస్ డౌన్‌టౌన్‌లో ఉద్యోగం చేసే మన తెలుగువాళ్ళకు షూటో అవెన్యూ, లాక్లెడ్ అవెన్యూ, గ్రాషియో స్ట్రీట్, పాపిన్ స్ట్రీట్ అనే బోర్డులు కొత్తవి కావు. జీపీఎస్ వాటిని తనకు తోచినట్టు పలుకుతుంది, ఊరివాళ్ళు ఇంకోలా పలుకుతారు. ఆ నాలుగూ ఒకే ఇంటికి సంబంధించిన పేర్లు. షూటో ఆ ఇంటి ఇల్లాలి ఇంటిపేరు. లాక్లెడ్ ఆమెతో కాపురం చేసినాయన. గ్రాషియో, పాపిన్ ఆమె అల్లుళ్ళు. అయితే ఆ ఇల్లాలికీ లాక్లెడ్‌కూ పెళ్ళి కాలేదు. కేసంతా అక్కడే ఉంది.

వంశవృక్షం కట్టడం నేర్చుకునేవాళ్ళకు నేను ముందుగా ఇచ్చేది ఈ కుటుంబాన్నే. ఇక్కడ రికార్డులకు కొరత లేదు. బాప్టిజం రిజిస్టర్లు ఉన్నాయి, పెళ్ళి కాగితాలు ఉన్నాయి, దానపత్రం ఉంది, గవర్నర్‌కు పెట్టుకున్న అర్జీ ఉంది. పిల్లల తండ్రి ఎవరన్న ప్రశ్నకు అధికారిక కాగితాలన్నీ ఒకే జవాబు ఇస్తాయి. ఆ జవాబును నేటి చరిత్రకారుల్లో ఎక్కువమంది ఒప్పుకోరు. నేనూ ఒప్పుకోను. ఎందుకు ఒప్పుకోనో, ఒప్పుకోకపోయినా ఆ కాగితాలను ఎందుకు పక్కన పడేయనో ఈ కేసులో చెబుతాను.

ముందు మనుషుల సంగతి. మారీ తెరేజ్ బూర్జ్వా 1733లో న్యూ ఆర్లీన్స్‌లో పుట్టింది. 1748లో, పదిహేనేళ్ళ వయసులో, రెనే షూటో అనే అతనితో పెళ్ళయింది. అతను రొట్టెలు కాల్చి, సత్రం నడిపి బతికేవాడు. ఏడాదీ రెండేళ్ళలో ఆగుస్ట్ అనే కొడుకు పుట్టాడు. అతని పుట్టిన ఏడు 1749 అని కొందరు, 1750 అని కొందరు రాస్తారు. ఆ తర్వాత రెనే భార్యనూ పసివాణ్ణీ వదిలేసి ఫ్రాన్స్ వెళ్ళిపోయాడు. 1767 దాకా మళ్ళీ మొహం చూపించలేదు.

పియెర్ లాక్లెడ్ 1729లో ఫ్రాన్స్‌లో, పిరనీస్ కొండల దగ్గర బెయార్న్ ప్రాంతంలోని బెదూ అనే ఊళ్ళో పుట్టాడు. బాగా చదువుకున్న, లాయర్లున్న కుటుంబం. 1755లో న్యూ ఆర్లీన్స్ వచ్చాడు. అక్కడి పెద్ద వ్యాపారి గిల్బెర్ ఆంట్వాన్ మాక్సెంట్‌తో పొత్తు కలిపాడు. ఆ పొత్తుకు మిసూరీ నది పొడుగునా ఉండే తెగలతో బొచ్చుతోళ్ళ వ్యాపారం చేసే లైసెన్సు వచ్చింది. 1763 ఆగస్టులో సరుకు పడవలతో మిసిసిపీకి ఎదురెక్కాడు. సెయింట్ జెనీవీవ్‌లో ఆ సరుకంతా పట్టే కొట్టు దొరక్కపోవడంతో నదికి అవతలి ఒడ్డున ఉన్న ఫోర్ట్ డి షార్ట్ర్‌లో దింపుకున్నాడు. ఆ చలికాలంలోనే కొత్త ఊరికి చోటు చూసుకున్నాడు. 1764 ఫిబ్రవరిలో ముప్పై మంది పనివాళ్ళనిచ్చి అడవి కొట్టించడానికి పంపింది ఎవరినంటే, పదమూడో పద్నాలుగో ఏళ్ళున్న ఆగుస్ట్ షూటోని. సెయింట్ లూయిస్ అలా మొదలైంది. అదే ఏడాది మారీ తెరేజ్ కూడా పిల్లలతో ఆ ఊరు చేరింది.

అప్పటికి ఆమెకు మరో నలుగురు పిల్లలు. పియెర్ 1758 అక్టోబరులో, పెలాజి 1760లో, మారీ లూయిజ్ 1762లో, విక్ట్వార్ 1764 మార్చిలో పుట్టారు.

ఈ తేదీలను ఒక కాగితం మీద వరసగా రాసుకుని చూడండి. 1749-50లో ఒక బిడ్డ. తర్వాత ఎనిమిదేళ్ళ ఖాళీ. మధ్యలో 1755లో లాక్లెడ్ రాక. 1758 నుంచి రెండేళ్ళకొకరు చొప్పున నలుగురు. విక్ట్వార్ పుట్టింది మార్చిలో కాబట్టి కడుపున పడింది 1763 వేసవి మొదట్లో. లాక్లెడ్ న్యూ ఆర్లీన్స్ వదిలింది ఆగస్టులో. లెక్క సరిపోయింది. సరిపోకపోయి ఉంటే ఈ కేసు అక్కడే కూలిపోయేది. అందుకే ఏ కేసులోనైనా నేను మొదట వేసేది ఈ నెలల లెక్కే. ఇది దేన్నీ రుజువు చేయదు, కానీ అసాధ్యమైనదాన్ని పొద్దున్నే ఏరేస్తుంది.

బాప్టిజం రిజిస్టర్ ఏమంటుంది? తండ్రి రెనే షూటో అంటుంది. నలుగురికీ అంతే. పెళ్ళిళ్ళ దగ్గరా అంతే. నలుగురూ షూటో ఇంటిపేరుతోనే పెరిగారు, ఆ పేరుతోనే సంతకాలు పెట్టారు.

ఇక్కడే చాలామంది రెండుగా చీలిపోతారు. ఒక వర్గం "రిజిస్టర్లో ఉంది కాబట్టి అంతే" అని ఫైలు మూసేస్తుంది. ఇంకో వర్గం "ఊరంతా తెలుసు, రిజిస్టర్ అబద్ధం" అని దాన్ని అవతల పారేస్తుంది. రెండూ తొందరపాటే. ఆ రిజిస్టర్ ఎవరి అవసరం కోసం, ఏ చట్టం కింద పుట్టిందో ముందు చూడాలి. న్యూ ఆర్లీన్స్ ఉన్న ఫ్రెంచ్ వలస లూసియానాలో నడిచింది ఫ్రాన్స్ నుంచి తెచ్చుకున్న చట్టం, పారిస్ ఆచార ధర్మం, దాని పైన కాథలిక్ చర్చి. విడాకులు లేవు. పెళ్ళయిన స్త్రీకి బిడ్డ పుడితే తండ్రి ఆమె మొగుడే అని చట్టం అనుకుంటుంది. అతను సముద్రం అవతల ఉన్నా, వచ్చి కాదని కోర్టులో చెప్పేదాకా అంతే. ఇక పెళ్ళయిన స్త్రీకి పరాయివాడి వల్ల పుట్టిన బిడ్డ అని పాదిరీ ఒక్క మాట రాశాడంటే, ఆ బిడ్డకు కన్నతండ్రి ఆస్తిలో వారసత్వం ఉండదు, ఊళ్ళో పరువూ ఉండదు. కాబట్టి "తండ్రి రెనే" అనే మాట ఆ పిల్లలకు కవచం. పాదిరీకి తెలుసా తెలియదా అన్నది వేరే సంగతి. తెలిసినా ఆయన రాయగలిగింది అదే.

అంటే ఆ రిజిస్టర్ ఎంత మటుకు సాక్ష్యం? బిడ్డ పుట్టిన రోజుకు గట్టి సాక్ష్యం. తల్లి ఎవరన్నదానికి గట్టి సాక్ష్యం. చట్టం ఎవరిని తండ్రిగా లెక్కేసిందన్నదానికి తిరుగులేని సాక్ష్యం. కన్నది ఎవరన్నదానికి మాత్రం అది సాక్ష్యం కాదు. ఒకే ఎంట్రీలోని నాలుగు మాటలకు నాలుగు వేరు వేరు బరువులు ఇవ్వాలన్నమాట.

ఈ కేసులో అన్నిటికంటే రుచికరమైన కాగితం 1768 నాటి దానపత్రం. దీని దగ్గర కొంచెం ఆగుదాం.

లాక్లెడ్ ఆ ఏడాది ఒక ఇల్లు, దాని స్థలం, పొలం, కొందరు బానిసలను షూటో పిల్లలు ఐదుగురి పేరా రాసిచ్చాడు. ఆ బానిసల్లో ఆఫ్రికన్లూ ఉన్నారు, ఇండియన్లూ (అంటే అమెరికా ఆదివాసులూ) ఉన్నారు. ఆ ఆస్తిని జీవితాంతం అనుభవించే హక్కు తల్లికి పెట్టాడు. ఎందుకు ఇస్తున్నాడో కూడా చెప్పుకున్నాడు. ఆగుస్ట్ కొన్నేళ్ళుగా తన దగ్గర గుమాస్తాగా నమ్మకంగా పని చేస్తున్నందుకు, మిగతా పిల్లల మీద తనకున్న ఆప్యాయత కొద్దీ ఇస్తున్నానన్నాడు. ఆ పిల్లలు ఎవరి పిల్లలని రాశాడు? రెనే షూటో, తెరేజ్ బూర్జ్వాల పిల్లలని.

ఒక మగవాడు తన పిల్లలకు ఆస్తి రాసిస్తూ, వాళ్ళు వేరొకరి పిల్లలని తన చేత్తో సంతకం పెట్టి ఒప్పుకుంటున్నాడు. పైపైన చదివితే రెనే తండ్రి అనడానికి ఇంతకంటే పెద్ద రుజువు ఏముంటుంది అనిపిస్తుంది. కానీ ఆ మాట అలా రాయకపోతే దానమే చెల్లదు. వ్యభిచారం వల్ల పుట్టిన పిల్లలని ఒప్పుకుంటే వాళ్ళకు పెద్ద ఆస్తి రాసివ్వడానికి చట్టం అడ్డొస్తుంది. రెనే పిల్లలైతే వాళ్ళు లాక్లెడ్‌కు పరాయి పిల్లలు, పరాయివాళ్ళకు ఎంతైనా దానం చేయొచ్చు. తండ్రితనాన్ని వదులుకుంటేనే తండ్రి చేయాల్సిన పని చేయగలడు.

పిల్లల వయసులు కూడా చూడండి. పియెర్‌కు తొమ్మిది, పెలాజికి ఏడు, మారీ లూయిజ్‌కు ఐదు, విక్ట్వార్‌కు నాలుగు. ఆగుస్ట్‌కు ఇవ్వడానికి గుమాస్తా పని అనే కారణం చూపించగలిగాడు. నాలుగేళ్ళ పిల్లకు ఏ కారణం చూపిస్తాడు? అందుకే అక్కడ ఆప్యాయత అన్న మాట వచ్చింది.

ఎందుకు 1768లోనే? 1767లో రెనే న్యూ ఆర్లీన్స్‌కు తిరిగొచ్చాడు. ఆ చట్టం ప్రకారం భార్య పేర ఉన్న ఆస్తి మీద పెత్తనం మొగుడిది. ఆమెకు నేరుగా రాసిస్తే అది రేపు రెనే చేతికి పోవచ్చు. పిల్లల పేర పెట్టి, ఆమెకు అనుభవ హక్కు ఒక్కటే ఉంచడం తెలివైన ఏర్పాటు. లాక్లెడ్ లాయర్ల ఇంట్లో పుట్టినవాడని మరిచిపోకూడదు. ఇక్కడ నేను ఊహ చేస్తున్నానని ఒప్పుకుంటాను. పత్రంలో రెనే మీద భయం గురించి ఒక్క ముక్క లేదు. కానీ తేదీలు పక్కపక్కన పెడితే ఈ ఊహకు కాళ్ళు వస్తాయి.

దీనికి వచ్చే గట్టి అభ్యంతరం ఒకటుంది. ఆగుస్ట్ లాక్లెడ్ కొడుకు కాదు, అందులో ఎవరికీ పేచీ లేదు. అతనికీ వాటా ఇచ్చాడుగా, మరి ఆప్యాయత రక్తసంబంధానికి రుజువెలా అవుతుంది? నిజమే, ఒక్క దానపత్రమే ఉంటే నేనూ ఈ కేసు వదిలేసేవాణ్ణి. సాకిన పిల్లలకు ఆస్తి ఇచ్చిన మగవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. దానపత్రం చెప్పేది లాక్లెడ్ ఆ ఇంటి మనిషి అని మాత్రమే. తండ్రి అనడానికి మిగతావి కలవాలి.

అలా కలిసే వాటిలో ముఖ్యమైనది 1774 నాటి వ్యవహారం. అప్పటికి లూసియానా స్పెయిన్ చేతిలో ఉంది. భార్యను తన దగ్గరికి తెప్పించమని రెనే న్యూ ఆర్లీన్స్‌లో గవర్నర్ ఉన్సాగాకు మొరపెట్టుకున్నాడు. ఆమెను పంపమని ఉన్సాగా సెయింట్ లూయిస్‌లోని లెఫ్టినెంట్ గవర్నర్ పియెర్నాస్‌కు రాశాడు. ఆమె వెళ్ళలేదు. పియెర్నాస్ బలవంతంగా పంపించనూ లేదు. ఊళ్ళో సగం వ్యాపారం లాక్లెడ్‌దీ ఆగుస్ట్‌దీ అయినప్పుడు ఏ అధికారి మాత్రం ఆ ఇంటి మీదకు మనుషుల్ని పంపుతాడు?

ఈ అర్జీలో నాకు పనికొచ్చేది రెనే ఏడుపు కాదు. భార్య దూరంగా, వేరొకరి అండలో ఉందని చట్టబద్ధమైన భర్తే అధికారుల ముందు ఒప్పుకున్నాడు. పిల్లల్ని దాచడానికి పుట్టిన కాగితం కాదిది, పైగా ఆ కుటుంబానికి ఎదురుగా పుట్టింది. ఒకరి పరువు కాపాడ్డానికి పుట్టిన పది కాగితాల కంటే, వాళ్ళ మీద కోపంతో పుట్టిన ఒక్క కాగితం కొన్నిసార్లు ఎక్కువ పనిచేస్తుంది. అయితే కోపంతో పుట్టిన కాగితానికీ దాని అబద్ధాలు దానికుంటాయి. రెనేకి భార్య కావాలా, ఆమె దగ్గరున్న ఆస్తి కావాలా అన్నది అనుమానించదగ్గ విషయమే.

రెనే 1776లో న్యూ ఆర్లీన్స్‌లో చనిపోయాడు. ఇక అడ్డు లేదు, ఇద్దరూ చర్చికెళ్ళి పెళ్ళి చేసుకోవచ్చు. చేసుకోలేదు. కుటుంబ గౌరవాన్ని కాపాడాలనుకునేవాళ్ళు దీన్ని చూపించి, అసలు వాళ్ళ మధ్య ఏమీ లేదు కాబట్టే చేసుకోలేదంటారు. నాకు ఇది వ్యాపారం లెక్కలా కనిపిస్తుంది. లాక్లెడ్ 1769లో మాక్సెంట్ వాటాను అప్పు మీద కొన్నాడు, ఆ అప్పు తీరలేదు. పెళ్ళి చేసుకుంటే మారీ తెరేజ్ ఆస్తి, అప్పులవాళ్ళు చెయ్యి పెట్టగలిగే చోటికి వస్తుంది. విధవరాలిగా ఉంటే ఆమె ఆస్తి ఆమెది, సంతకం ఆమెది. ఆ కాలంలో ఒక స్త్రీకి దొరకగలిగిన అతి పెద్ద స్వేచ్ఛ వైధవ్యమే. ఆమె దాన్ని వదులుకోలేదు.

1778 మే 27న లాక్లెడ్ న్యూ ఆర్లీన్స్ నుంచి తిరిగొస్తూ ఆర్కన్సా నది కలిసే చోటికి దగ్గర్లో పడవ మీద చనిపోయాడు. అక్కడే పాతిపెట్టారు, సమాధి ఎక్కడుందో ఎవరికీ తెలియదు. మిగిలింది అప్పులే. సెయింట్ లూయిస్‌లో అతని ఆస్తి వ్యవహారం తేల్చే పని మాక్సెంట్ తరఫున ఆగుస్ట్‌కు పడింది. లాక్లెడ్ పిండిమరనూ దాని చెరువునూ 1779లో ఆగుస్టే కొన్నాడు. ఊరివాళ్ళు చాలా కాలం దాన్ని షూటో చెరువు అనేవారు. 1849 కలరా తర్వాత దాన్ని ఎండగట్టేశారు. 1768లో దానం చేసిన ఇల్లు మాత్రం ఈ అప్పుల్లో పోలేదు, ఎందుకంటే పదేళ్ళ ముందే అది లాక్లెడ్‌ది కాకుండా పోయింది. మారీ తెరేజ్ 1814లో చనిపోయింది.

ఇక పేర్ల సాక్ష్యం. పిల్లలకు ఎవరి పేరు పెట్టుకున్నారన్నది మన దగ్గర తాత పేరు మనవడికి పెట్టినట్టే ఫ్రెంచివాళ్ళ దగ్గరా ఎంతో కొంత చెబుతుంది. లాక్లెడ్ పేరూ పియెర్, ఆ నలుగురిలో ఉన్న ఒక్క కొడుకు పేరూ పియెర్. దీనికి నేను పెద్ద బరువు ఇవ్వను, ఫ్రెంచివాళ్ళలో వీధికి పదిమంది పియెర్లు ఉంటారు. కానీ లాక్లెడ్ తన పేరును లాక్లెడ్ లిగెస్ట్ అని రాసుకునేవాడు. 1792లో పియెర్ షూటోకు ఒక కొడుకు పుట్టాడు. ఆ పిల్లవాడికి పెట్టిన పేరు పాల్ లిగెస్ట్ షూటో. లిగెస్ట్ దారినపోయే పేరు కాదు, కాథలిక్ క్యాలెండర్‌లో ఉండే ఏ సెయింట్ పేరూ కాదు. లాక్లెడ్ చనిపోయి పద్నాలుగేళ్ళయింది, ఆయన్ని మెప్పించి సంపాదించేదేమీ లేదు. చట్టం రాయనివ్వని మాటను పియెర్ తన కొడుకు బాప్టిజంలో, మధ్య పేరుగా రాయించుకున్నాడు. కాగితాలన్నిటిలో ఒక్కదాన్ని ఉంచుకోమంటే నేను ఉంచుకునేది దీన్నే.

పేర్ల దగ్గరున్నాం కాబట్టి ఒక హెచ్చరిక. ఈ కుటుంబంలో పెలాజి అన్న పేరు కనిపిస్తే టెన్షన్ పడాల్సిందే. పియెర్ చెల్లెలు పెలాజి, లబాడీని చేసుకుంది. పియెర్ మొదటి భార్య పెలాజి, కియెర్సెరో వాళ్ళ అమ్మాయి, 1793లో పోయింది. పియెర్ కూతురు పెలాజి, బెర్టోల్డ్‌ను చేసుకుంది. లబాడీల కూతురూ పెలాజే, సార్పీల ఇంటి కోడలైంది. ఇంటర్నెట్‌లో తిరిగే చెట్లలో వీళ్ళలో ఇద్దరిని ఒకరిగా కలిపేసినవి కనిపిస్తూనే ఉంటాయి. విడదీసే దారి ఒకటుంది. ఫ్రెంచ్ రిజిస్టర్లలో పెళ్ళయిన స్త్రీ కూడా పుట్టింటి పేరుతోనే కనిపిస్తుంది. 1804లో ఊరు అమెరికా చేతికి వచ్చాక అత్తింటి పేరు మొదలవుతుంది. 1804కు ముందున్న కాగితమా, తర్వాతిదా అని చూసుకుని చదివితే సగం చిక్కు విడిపోతుంది.

అల్లుళ్ళ విషయం త్వరగా చెప్పేస్తాను, రికార్డులు స్పష్టంగా ఉన్నాయి. పెలాజి 1776లో సిల్వెస్ట్ర్ లబాడీని, మారీ లూయిజ్ 1779లో జోసెఫ్ మారీ పాపిన్‌ను, విక్ట్వార్ 1781లో షార్ల్ గ్రాషియోను చేసుకున్నారు. ముగ్గురూ వ్యాపారులే. గ్రాషియో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో పుట్టినవాడు. ఆగుస్ట్ 1786లో గాబ్రియెల్ సెరే అనే ఇంకో పెద్ద వ్యాపారి కూతుర్ని చేసుకున్నాడు. సరుకు, అప్పు, పెళ్ళి మూడూ ఒకే బల్ల మీద తేలేవి.

తర్వాతి తరంలో మనకు బాగా పరిచయమైన సంగతి ఒకటి వస్తుంది. పియెర్ కొడుకు ఆగుస్ట్ పియెర్ 1806లో వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీ నుంచి బయటికొచ్చి, 1809లో సోఫీ లబాడీని చేసుకున్నాడు. ఇంకో కొడుకు, కాడే అని పిలిచే పియెర్ జూనియర్, 1813లో ఎమిలీ గ్రాషియోను చేసుకున్నాడు. ఇద్దరూ చేసుకున్నది మేనత్త కూతుళ్ళనే. చక్కటి మేనరికాలు. మనవాళ్ళకు ఇది మామూలు సంబంధం, కాథలిక్ చర్చికి మాత్రం నిషేధం. బిషప్ దగ్గర ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. ఇలాంటి అనుమతి కాగితాలు మాలాంటివాళ్ళకు భలే ఉపయోగం, చుట్టరికం ఎన్నో మెట్టులో ఉందో అందులో రాస్తారు. కానీ మన ప్రశ్నకు ఇవి సాయం చేయవు. పియెర్, పెలాజి, విక్ట్వార్‌ల తండ్రి రెనే అయినా లాక్లెడ్ అయినా ముగ్గురూ సొంత తోబుట్టువులే కాబట్టి మెట్టు మారదు. ఈ కాడే పియెరే తర్వాత అమెరికన్ ఫర్ కంపెనీ పశ్చిమ విభాగాన్ని కొని, మిసూరీ పొడుగునా తోళ్ళ వ్యాపారాన్ని ఏలాడు. సౌత్ డకోటాలోని ఫోర్ట్ పియెర్ ఆయన పేరే.

ఆగుస్ట్ పియెర్ కథ ఇంకో వైపు వెళ్ళింది. సెయింట్ లూయిస్‌లో సోఫీ, పిల్లలు ఉండగా, అతను ఎక్కువ కాలం గడిపింది ఇప్పటి ఓక్లహోమాలో సలైనా అనే చోట, ఓసేజ్ తెగవాళ్ళ మధ్య. అక్కడ అతనికి ఓసేజ్ కుటుంబం ఉంది. ఆ పిల్లల జాడ ఏ చర్చి రిజిస్టర్లో వెతకాలి? ముందు వెతకాల్సింది ఒప్పందంలో. 1825 జూన్ 2న సెయింట్ లూయిస్‌లో అమెరికా ప్రభుత్వం తరఫున వచ్చిన విలియం క్లార్క్ ముందు ఓసేజ్‌లు భూములు వదులుకుంటూ చేసిన ఒప్పందంలో, మిశ్రమ సంతానానికి మనిషికి ఒక సెక్షన్, అంటే 640 ఎకరాల చొప్పున, పేరుపేరునా కేటాయించారు. షూటో ఇంటిపేరున్నవాళ్ళూ ఆ జాబితాలో ఉన్నారు. తండ్రి పేరు లేనివాళ్ళూ ఉన్నారు. అమీలియా అనే ఇద్దరిని విడదీయడానికి ఒకరిని మిహంగా కూతురని, ఇంకొకరిని షెమిహంగా కూతురని తల్లుల పేర్లతో రాశారు. న్యూ ఆర్లీన్స్ పాదిరీ లేని తండ్రిని రాశాడు, ఇక్కడి గుమాస్తా ఉన్న తండ్రిని వదిలేశాడు. భూమి పంచడానికి తల్లి పేరు చాలు, తండ్రి పేరు రాస్తే సెయింట్ లూయిస్‌లో ఒక భార్యకు బాధ. 1835లో చెరోకీ తెగతో చేసిన న్యూ ఎకోటా ఒప్పందంలో ఈ కేటాయింపులను రద్దు చేయించే మాట మళ్ళీ వస్తుంది. కాబట్టి ఈ శాఖను వెతికేవాళ్ళు రెండు ఒప్పందాలనూ కలిపి చదవాలి.

షూటోల ఇంటి గోడల మధ్య ఇంకో వంశం కూడా ఉంది, వ్యాపారి వంశవృక్షాలు దాన్ని ఆస్తి జాబితాలో వదిలేస్తాయి. మారీ జాన్ సిపియోన్ అనే బానిస స్త్రీ తండ్రి ఆఫ్రికన్, తల్లి నాచెజ్ తెగ స్త్రీ. ఆమె 1802లో చనిపోయింది. కూతుళ్ళలో మార్గరీత్ పియెర్ షూటో ఇంట్లో ఉండేది. ఇండియన్లను బానిసలుగా కొనడం అమ్మడం స్పానిష్ గవర్నర్ ఓరైలీ 1769లోనే నిషేధించాడు. బానిసత్వం తల్లి వైపు నుంచి వస్తుందని చట్టం. అయితే మా అమ్మమ్మ ఇండియన్, కాబట్టి మేం స్వతంత్రులం అని ఆ అక్కచెల్లెళ్ళు 1805లో కోర్టుకెక్కారు. చనిపోయిన అమ్మమ్మ ఏ తెగ స్త్రీ అన్నది తేల్చడానికి ముసలివాళ్ళను పిలిచి వాంగ్మూలాలు తీసుకున్నారు. గెలిచారు, ఓడారు, మళ్ళీ వేశారు. చివరికి 1836లో జూరీ వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. పియెర్ షూటో అమెరికా సుప్రీం కోర్టు దాకా వెళ్ళాడు. 1838లో అది తమ పరిధిలోకి రాదని ఆ కోర్టు కొట్టేసింది.

వృత్తిపరంగా చూస్తే సిపియోన్‌ల వంశం షూటోల వంశం కంటే గట్టిగా రుజువైంది. ఎదుటి పక్షం లాయర్లు ముప్పై ఏళ్ళు ప్రతి సాక్షినీ గుచ్చి గుచ్చి అడిగాక నిలబడిన వంశం అది. షూటోల తండ్రితనాన్ని ఏ కోర్టులోనూ ఎవరూ ప్రశ్నించలేదు. తన సొంత వంశం కాగితాల మీద ఎలా కట్టిందో తెలిసిన ఇంటి పెద్దమనిషి, ఇంకో ఇంటివాళ్ళ వంశాన్ని కాదనడానికి అన్నేళ్ళు ఖర్చు పెట్టాడు. ఈ ఫైలు తెరిచినప్పుడల్లా నాకు మింగుడుపడని సంగతి ఇదే.

చెట్టులో ఎలా ఎక్కించాలి? పియెర్, పెలాజి, మారీ లూయిజ్, విక్ట్వార్‌లకు చట్టరీత్యా తండ్రి రెనే షూటో అని ఒక గీత. కన్నతండ్రి పియెర్ లాక్లెడ్ లిగెస్ట్ అని ఇంకో గీత, దాని పక్కన "పరిస్థితుల సాక్ష్యం, బలమైనది" అని గుర్తు. మొదటి గీతకు ఆధారాలు బాప్టిజం, దానపత్రం. రెండో గీతకు రెనే లేకపోవడం, బిడ్డల మధ్య దూరం, అదే దానపత్రం, 1774 అర్జీ, లిగెస్ట్ అన్న పేరు. దానపత్రం రెండు గీతలకిందా వస్తుంది. సాఫ్ట్‌వేర్ ఒక్క తండ్రినే ఒప్పుకుంటే, ఒప్పుకునే సాఫ్ట్‌వేర్ వాడాలి.

డీఎన్ఏ మాటేమిటని అందరూ అడుగుతారు. మామూలుగా లాలాజలం ఇచ్చి చేయించుకునే ఆటోసోమల్ పరీక్ష ఇన్ని తరాలు దాటాక పెద్దగా పనికిరాదు. పైగా మేనరికాలు కలిసిన కుటుంబంలో పాత చుట్టరికాలు దగ్గరివిగా కనిపిస్తాయి. అమెరికాలో ఈ పరీక్ష చేయించుకుని, పేరు కూడా వినని మనిషి దగ్గరి కజిన్‌గా రావడం చూసిన తెలుగువాళ్ళకు ఇది వేరే చెప్పక్కర్లేదు. పనికొచ్చేది తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే వై క్రోమోజోమ్. దానికి ఫ్రాన్స్ వెళ్ళి లాక్లెడ్ అన్నదమ్ముల సంతతిని వెతకాల్సిన పని లేదు. ఆగుస్ట్ నుంచి మగవాళ్ళ మీదుగా దిగిన ఒక షూటో, పియెర్ నుంచి అలాగే దిగిన ఇంకో షూటో ఉంటే చాలు. తండ్రి ఒక్కడే అయితే ఇద్దరిదీ కలవాలి. కలవకపోతే మాత్రం వెంటనే లాక్లెడ్ అని రాసేయకూడదు, మధ్యలో ఏదో తరంలో ఇంకో తండ్రి దూరి ఉండొచ్చు. అందుకే పియెర్ వైపు ఇద్దరు వేరువేరు కొడుకుల సంతతి నుంచి, వీలైతే మొదటి భార్య కొడుకు నుంచి ఒకరు, రెండో భార్య బ్రిజిత్ సోసియే కొడుకు నుంచి ఒకరు ఉండాలి. ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు కలిసి, ఆగుస్ట్ వంశంతో కలవకపోతే, రెండో గీత పక్కనున్న గుర్తును "బలమైనది" నుంచి ఒక మెట్టు పైకి జరపొచ్చు.